ఒకే పళ్ళెంలో సింగడూ టైగరూ

కిందటేడు నేను రెండు కుక్కల మధ్య రాజీ కుదర్చబోయాను. దాని గుర్తులు నా కుడి అరచేతి మీద నాలుగున్నాయి. నవ్వుకోండి, పరవాలేదు. కాలనీ అంతా నవ్వాక మీ ఒక్కరిదీ ఆపి నేనేం బావుకుంటాను?

అప్పుడు సుచిత్ర చౌరస్తా దగ్గర అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. సింగడు నా పెళ్ళికి ముందు నుంచీ నాతో ఉన్న నాటు కుక్క. టైగర్ మా బావమరిది ఇచ్చిన లాబ్రడార్. చిన్నప్పుడు సింగడి పొట్ట మీదే పడుకునేవాడు. ఈడొచ్చాక ఇద్దరికీ క్షణం పడేది కాదు. ఒకడి తల నిమిరితే రెండోవాడు గుర్రుమనేవాడు.

మా ఆవిడ పద్మ ఓ రోజు తేల్చి చెప్పింది. "వాళ్ళలో వాళ్ళు కొట్టుకుంటే భరిస్తానండీ. మనిషిని కరిచినవాడు మాత్రం ఈ ఇంట్లో ఉండడు."

టైగర్‌ని తీసుకెళ్ళడానికి బావమరిది ఉన్నాడు. తొమ్మిదేళ్ళ సింగడిని ఎవరు తీసుకుంటారు? నాకు అన్నం సయించలేదు.

నా మొహం చూసి మా ఇంటి ఓనరు నర్సింహన్న ఆగాడు. ఆయన సొంతూరు గౌడవెల్లి. పొలాలు ప్లాట్లయ్యాక ఊరి తగాదాలు తీర్చడమే ఆయనకు పని.

"ఏంది సారూ, గింత పరేషాన్ల ఉన్నవ్?"

చెప్పాను.

"గింతేనా? అన్నదమ్ములు కొట్లాడుకుంటే నేనేం జేస్త? ఇద్దర్ని ఒక్క తలె ముంగట కూసోవెట్టి మటన్ తినిపిస్త. తలె ఖాళీ అయ్యేసరికి లొల్లి ఖతం."

"వాళ్ళు మనుషులు కదన్నా."

"మనుషులే ఇంటున్నరు, కుక్కలు ఇనయా?"

ఈ తర్కం నాకు అద్భుతంగా తోచింది. నేను ఇంజనీరింగ్ చదివానని ఇక్కడ చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

ఆదివారం పొద్దున్నే నర్సింహన్న మటన్ బొక్కలతో దిగాడు. నేను పెద్ద పళ్ళెం తీశాను.

"విడివిడిగా పెట్టండి," అంది పద్మ.

"నీకు రాజీ వ్యవహారాలు తెలియవు."

"మీకు కుక్కలు తెలియవు," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

వరండాలో పళ్ళెం పెట్టి ఇద్దరినీ వదిలాను. ఇద్దరూ బొక్కల వంక చూశారు. తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు. ఆ మరుక్షణం ఏ తోక ఎవరిదో తెలియలేదు. పెద్దమనిషి అప్పటికే మేడ మెట్లెక్కేశాడు.

"నడుమల చెయ్యి వెట్టి ఇడిపియ్యి సారూ," అని అక్కణ్ణుంచి సలహా.

పెట్టాను. చేతిలో దిగిన పళ్ళు సింగడివి. వాడు వెంటనే వదిలేసి, చెవులు వాల్చి నా కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. నొప్పి కన్నా వాడి చూపే నన్ను ఎక్కువ ఏడిపించింది. పద్మ బకెట్ నీళ్ళతో పరుగెత్తుకొచ్చి టైగర్ మీద కుమ్మరించి లోపలికి లాక్కెళ్ళింది.

"ఎవడు కరిచాడు?"

"వీళ్ళు కాదు. గేటు దగ్గర వీధికుక్క."

నర్సింహన్న మెట్ల మీద నుంచే తలూపాడు. ఆ పూట ఆయన చేసిన మంచిపని అదొక్కటే.

ఆసుపత్రిలోనూ అదే పాట పాడాను. "వీధికుక్కా? అయితే మామూలు ఇంజెక్షన్‌తో పాటు గాయాల్లో కూడా పొడవాలి," అన్నాడు డాక్టరు. గాయాలు నాలుగు. పొడుస్తున్నంతసేపూ పద్మ నోరు మెదపలేదు. నేను మాత్రం పక్క వార్డుకి వినబడేలా మెదిపాను.

బయటికొచ్చాక అడిగింది. "అయిపోయిందా? కరిచింది సింగడే. కిటికీలోంచి చూశాను."

"మరి లోపలే చెప్పొచ్చుగా?"

"మీరే చెప్తారేమోనని ఆగాను."

"వాణ్ణి పంపించేస్తావా?"

"తినే కుక్క నోటి దగ్గర చెయ్యి పెట్టింది మీరు. పంపాల్సి వస్తే మిమ్మల్ని పంపాలి."

ఆ రోజు నుంచీ సింగడి భోజనం వంటింట్లో, టైగర్‌ది వరండాలో, మధ్య తలుపుకి గడియ. కనుక నర్సింహన్న సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఏ ఇద్దరికీ రాజీ కుదర్చను, ఎవరి పళ్ళెంలోనూ చెయ్యి పెట్టను. ఇంట్లోంచి పంపాల్సినవాళ్ళ వరసలో ఇప్పుడు ముందున్నది నేనే.