నాగభూషణంగారి లైటు కత్తి

మా కింది ఫ్లాట్ నాగభూషణం మొదలుపెట్టిన పని దేన్నీ పూర్తి చెయ్యడు. ఎప్పుడడిగినా "ఇంకా కొంచెం ఉందండీ" అంటాడు. ఆ కొంచెం ఏమిటో బ్రహ్మకి కూడా తెలీదు. ఇరవై రెండేళ్లుగా ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. ఆఫీసులో ఫైళ్ల సంగతి నాకు తెలీదు గాని, ఇంట్లో మాత్రం ఐదేళ్లుగా ఒకటే వస్తువు చేస్తున్నాడు. కత్తి! తెరమీద అంతరిక్ష వీరులు గిరగిరా తిప్పుతారే, ఆ లైటు కత్తి. అదైనా పూర్తి కత్తి కాదు. దాని పిడి మాత్రం!

బీపీ మాత్ర వేసుకునే వయసులో ఇదేం పిచ్చో. సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో అందరూ బట్టలారేసుకునే వెనక బాల్కనీయే ఆయన వర్క్‌షాపు. అక్కడో బల్ల, దానికి బిగించిన వైసు, ఒక డ్రిల్లు, నాలుగు ఆకురాళ్లు. ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి గరగర మొదలయ్యేది. అది నా పళ్లలో పుట్టి మెడదాకా పాకేది.

ఒకసారి పని ఉండి వాళ్లింటికి వెళ్తే, ఆయన భార్య అన్నపూర్ణేశ్వరి సింకు కింద బకెట్టు పెట్టుకుని గిన్నెలు తోముతోంది.

"ఏంటమ్మా ఇది?"

"సింకు పైపు కత్తయిపోయింది అన్నయ్యగారూ. పిడికి సరిగ్గా ఆ లావే కావాలిట."

ఇలాంటి మగాడితో ఆవిడ ఎలా వేగుతోందో అని జాలిపడి పైకొచ్చేశాను. వారం తిరక్కుండా నా వంతొచ్చింది. జూలై వాన కుండపోతగా కురుస్తుంటే ఫ్లైఓవర్ మీద కారు వైపర్లు వేశాను. రబ్బరు లేదు. ఒట్టి ఇనుము అద్దం మీద కీచుమంది. సరాసరి ఆయన బాల్కనీకి వెళ్లాను.

"నా వైపర్ల రబ్బరేదండీ?"

ఆయన పిడి ఎత్తి చూపించాడు. దాని చుట్టూ ఏడు నల్లటి పట్టీలు అందంగా అతికించి ఉన్నాయి. "చెమట పట్టినా జారదు, చూడండి!"

"నా కారు జారింది!"

"అచ్ఛా? పాడైపోయినవనుకున్నానండీ. కొత్తవి తెచ్చిస్తాను, ఇది పూర్తవనివ్వండి."

ఇది పూర్తవ్వాలట! ఆ సాయంత్రమే వెళ్లి నేనే కొనుక్కున్నాను.

నిరుడు వేసవిలో మా అత్తగారు లక్ష్మీకుమారికి పక్షవాతం వచ్చింది. కాకినాడలో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. వైద్యానికని నేనూ, నా భార్య రేవతీ ఇక్కడికి తీసుకొచ్చాం. మాటా నడకా తిరిగొచ్చాయి. కుడిచేతికి మాత్రం పట్టు రాలేదు. ఎడంచేత్తో చెంచా పట్టుకుని, గది తలుపేసుకుని తినేది. అలా తినడం ఎవరూ చూడకూడదని.

ఇంటికొచ్చే ఫిజియో పంజాబీ అమ్మాయి. చేతిలో రబ్బరు బంతి పెట్టి, నొక్కమని "దబాయియే ఆంటీజీ, దబాయియే" అనేది. మా అత్తగారికి హిందీ రాదు.

"దబాయించమంటావా? సరే!" అని మొదలెట్టింది. ఆలస్యంగా వచ్చినందుకు ఆ అమ్మాయిని, సాంబారు పలచనైనందుకు రేవతిని, ఊరికే నిలబడ్డందుకు నన్ను దబాయించింది. బంతి మంచం కిందకి దొర్లిపోయింది. వెళ్తూ వెళ్తూ ఆ అమ్మాయి గుమ్మం దగ్గర రేవతితో చెప్పింది. ఈ మూడు నాలుగు నెలలే ముఖ్యమట. ఇప్పుడు శ్రమపడకపోతే ఆ చెయ్యి ఇక అంతేనట. రేవతి వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది.

చూడ్డానికొచ్చేవాళ్లు పళ్లు తెస్తారు. నాగభూషణం పిడి తెచ్చాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"అమ్మగారూ, నాకో సాయం చెయ్యాలి. దీని పట్టు సరిచూడాలి. అన్నపూర్ణ చెయ్యి చిన్నది. మీ అల్లుడు సదాశివరావుగారి చెయ్యి మరీ మెత్తన. మీరు బెత్తం పట్టినవారు" అంటూ దాన్ని ఆవిడ కుడిచేతిలో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే మూశాడు. "కాస్త నొక్కండి."

పిడికి కొత్తగా బిగించిన పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం నీలంగా వెలిగింది. రెండు క్షణాల్లో ఆరిపోయింది.

"నీ స్విచ్చిలో లోపముందయ్యా. పట్టు వదిలితే ఆరిపోతోంది."

"అదేనండీ, ఇంకా కొంచెం ఉంది. రోజూ నొక్కి చూసి, లోపాలు చెబుదురూ."

లోపాలు పట్టమంటే మా అత్తగారికి పండగే. పొద్దున్న లేస్తే కత్తి, కాఫీ తాగుతూ కత్తి. కాఫీ ఆలస్యమైతే నీలంగా వెలిగించి నావైపు చూపించి, "అల్లుడుగారూ, ఏమైంది?" అనేది. ఆదివారం ఆయన వచ్చి పట్టుకెళ్లి, సాయంత్రం తెచ్చేవాడు. తమాషా ఏమిటంటే, బాగుచేసి తెచ్చినప్పుడల్లా అది మరింత మొరాయించేది.

"పోయినవారం తేలిగ్గా వెలిగింది కదయ్యా!" అని ఆవిడ కసిరితే, చేతులు కట్టుకుని "మళ్లీ చూస్తానండీ" అనేవాడు. నేను పగలబడి నవ్వేవాణ్ని. ఒక్క స్విచ్చి చేతకానివాడు అంతరిక్షంలో యుద్ధం చేస్తాడట!

మూడో నెలలో నాకు ఓపిక పోయింది. కడిగేద్దామని కిందికి వెళ్లాను. ఆయన పాలకి వెళ్లాడు. బాల్కనీలో బల్ల మీద ఒక రేకు డబ్బా, దాన్నిండా స్ప్రింగులు. ఒక్కొక్కదానికీ కట్టిన చీటీ మీద గుండ్రటి చేతిరాత. 'బాల్‌పెన్ను స్ప్రింగు. రెండు క్షణాలు.' 'టార్చి స్ప్రింగు. ఆరు. చిటికెనవేలు కదిలింది.' 'బట్టల క్లిప్పుది. ఇరవై. అమ్మగారు నన్ను తిట్టారు, గొంతు బాగుంది.'

పాల ప్యాకెట్లతో వచ్చిన ఆయన నన్ను చూసి దొంగలా నిలబడిపోయాడు.

"వారం వారం స్ప్రింగు గట్టి చేస్తున్నారా?"

"ఫిజియో మేడమ్‌ని అడిగేనండీ. చెబితే అమ్మగారు పరీక్ష అనుకుంటారు. జీవితమంతా పరీక్షలు పెట్టిన మనిషికి, రాయమంటే కష్టం కదా."

"మరి ఈ కత్తి పూర్తవడం?"

ఆయన సిగ్గుపడ్డాడు. "అది ఎప్పుడో అయిపోయిందండీ. పూర్తయిందంటే ఇచ్చెయ్యాలి. ఇచ్చేశాక స్ప్రింగు మార్చడానికి ఏ మొహం పెట్టుకుని రానూ?"

చేతిలోని చీటీ డబ్బాలో పెట్టేశాను. పైకొచ్చి రేవతికి మాత్రం చెప్పాను.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం మా అత్తగారు గది తలుపు తీసుకుని బయటికొచ్చి, అందరితోపాటు బల్ల ముందు కూర్చుంది. నాగభూషణం దంపతుల్ని కూడా పిలిపించింది. కంచంలో వేడన్నం, ఐఎన్ఏ మార్కెట్లో వెతికి తెచ్చిన గోంగూరతో పచ్చడి, నెయ్యి. చెంచా అడగలేదు. కుడిచేత్తో నెమ్మదిగా కలిపింది. వేళ్లు వణికాయి, మెతుకులు రాలాయి. చివరికి ముద్ద కట్టింది. దాన్ని నాగభూషణం అరచేతిలో పెట్టింది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోబోయి, చేతిలో ముద్ద ఉందని గుర్తొచ్చి గబుక్కున నోట్లో వేసుకున్నాడు.

నేనూ చెయ్యి చాపాను.

ఆవిడ ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, "ముందు సబ్బుతో కడుక్కు రండి అల్లుడుగారూ" అంది.