ముందు చీపురు

బ్యాటింగ్ కోచ్‌కి పిల్లలు పెట్టిన పేరు చీపురు మాస్టారు. బేస్‌బాల్ నేర్చుకోవడానికి ఎవరొచ్చినా, బ్యాట్ ఇచ్చేముందు పొడుగు కర్ర చీపురిచ్చి, వల కట్టిన షెడ్డు ఊడ్పిస్తారు. తను బోర్లించిన బకెట్ మీద కూర్చుని, గడ్డం గోక్కుంటూ వాళ్ల నడుమూ మడమలూ చూస్తారు. బొద్దుగా ఉన్న పిల్లాడితో, "అడుగు వేయకురా అబ్బాయ్, ఉన్నచోటే తిరుగు చాలు" అంటారు. ఊదితే ఎగిరిపోయేలా ఉన్న పిల్లతో, "చేతులతో కుస్తీ ఎందుకమ్మా, నడుం తిప్పు, బ్యాట్ దానంతటదే వస్తుంది" అంటారు. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పగా ఎవరూ వినలేదు.

ఒక పొడుగుపిల్ల మాత్రం ఆయనకు కొరుకుడు పడలేదు. ఎలా కొట్టినా బంతి నేలబారుగా దొర్లేది. చివరికి వాళ్లమ్మ వచ్చింది. "ఇది రోజూ ఏడుస్తోంది మాస్టారూ, మాన్పించేస్తాను." వెళ్లేముందు పిల్ల చీపురందుకుని ఊడవసాగింది. మాస్టారు గోక్కోవడం ఆపేశారు. చీపురు ఎడమచేతివాటంగా ఆడుతోంది. ఆ పిల్ల చేరిన రోజు షెడ్డు అప్పుడే కడిగి ఉందని, రాసేది కుడిచేత్తోనే కదా అని, నేరుగా బ్యాట్ ఇచ్చి కుడివాటంగా నిలబెట్టింది ఆయనే. "తప్పు నాదమ్మా" అన్నారు అందరి ముందూ. "ఒక్కసారి అటుపక్క నిలబడి కొట్టు." బంతి వెళ్లి ఎదుటి వలను ఊపేసింది. వాళ్లమ్మ భుజాన ఉన్న సంచీ దించింది.

ఇప్పుడు కొత్తవాళ్లు చేరుతున్నారంటే, షెడ్డు అద్దంలా మెరుస్తున్నా సరే, మాస్టారు ముందే వచ్చి బయటి నుంచి దోసెడు దుమ్ము తెచ్చి నేలంతా చల్లి కూర్చుంటారు.