మా తాత పుట్టించిన దయ్యం

ఆకలి మీదున్న మనిషికి జోకు కంటే దయ్యమే బాగా పనిచేస్తుందని నేను దిల్‌సుఖ్‌నగర్ దీక్షా శిబిరంలో కనిపెట్టాను. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. రోజు విడిచి రోజు బంద్. ఎల్‌బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు షేర్ ఆటో నడిపే నాకు బంద్ నాడు పనేముంటుంది? ఆటో సందులో పెట్టి, రోడ్డు పక్కన వేసిన షామియానా కిందికి చేరేవాణ్ని.

అది రిలే నిరాహార దీక్ష. అంటే ఇవాళ కొందరు, రేపు ఇంకొందరు వంతులవారీగా పస్తుంటారన్నమాట. పొద్దున మెడలో దండ వేసుకుని కూర్చుంటారు, సాయంత్రం ఎవరో పెద్దమనిషి నిమ్మరసం ఇస్తే తాగి లేస్తారు. పదకొండింటి దాకా నినాదాలు బాగానే పలుకుతాయి. ఒంటిగంట దాటితే మాత్రం జై కొట్టే నోట్లోనే నీళ్లూరతాయి. పైగా మావాళ్లు షామియానా వేసింది ఒక కోస్తా ఆయన టిఫిన్ సెంటర్ ముందర. ఆయన మంచివాడే, ఆయన పెనమే మంచిది కాదు.

"ఏవండీ, నా కొట్టు ముందే ఉపవాసం పెట్టుకున్నారు. పెసరట్టు వెయ్యమంటారా, మానెయ్యమంటారా? వేస్తే మీ దీక్ష పోద్ది, మానేస్తే నా యాపారం పోద్ది" అన్నాడు ఒకరోజు.

"ఏయుండ్రి సారూ, మాకేం పరేషాన్ లేదు. గా అల్లం చట్నీ వాసనల మాత్రం మా వాటా మాకు రావాలె" అన్నాను. దండలేసుకున్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఆయనా నవ్వాడు, అట్టు తిరగేస్తూ.

ఏడో తరగతిలో బడి మానేసిన నాకు ఉద్యమం ఇచ్చిన ఉద్యోగం అదొక్కటే. ఒంటిగంట నుంచి నిమ్మరసం దాకా జనానికి అన్నం గుర్తు రాకుండా చూడాలి. ఉన్న జోకులన్నీ అయిపోయాక ఒకరోజు మా ఊరి గడి ఎత్తుకున్నాను.

పెద్ద అంబర్‌పేట్ దాటి విజయవాడ రోడ్డు మీద చాలా దూరం పోయి, లోపలికి తిరిగితే మా ఊరు. ఊరి నడుమ గడి. గడి అంటే దొర ఇల్లు. ఇల్లని పేరే గాని అది కోట. నాలుగు మూలలా బురుజులు, ఏనుగు పట్టే దర్వాజా, లోపల బావి, వెనక ధాన్యం పాతర. పాతర అంటే భూమిలో బావిలా లోతుగా తవ్వి, లోపలంతా రాయి కట్టి, మీద బండ మూసే గొయ్యి. నిజాం కాలంలో ఊరి పంటలో పెద్ద పాలు అందులోకే పోయేది. చాకలి, మంగలి, కుమ్మరి, ఎవరైనా సరే గడికి కూలి లేకుండా చేసిపెట్టాల్సిందే. దానికే వెట్టి అని పేరు. తిండికి లేని ఇంటివాళ్లు ఆడపిల్లను గడి పనికి పంపితే, ఇక ఆ పిల్ల గడిదే. నిజాం రాజ్యం ఆఖరి రోజుల్లో దొరలకు ఎదురు తిరిగిన కమ్యూనిస్టుల సంఘం వచ్చింది. ఊరివాళ్లు ఒక్కటై పాతర బండ తీసి జొన్నలు పంచుకున్నారు. తర్వాత రజాకార్లు వచ్చారు, దొర మళ్లీ మీసం తిప్పాడు. ఆ తర్వాత మిలిటరీ వచ్చింది, దొర పట్నం పోయాడు, గడి పాడుబడింది.

ఇదంతా చరిత్ర. చరిత్రతో కడుపు నిండదు కనుక దయ్యాన్ని దింపాను.

గడి వెనక గోడ దగ్గర, భూమి లోపలి నుంచి చప్పుడు. ఎవరో రోకలి పోటు వేస్తున్నట్టు. ప్లాస్టిక్ కుర్చీ వీపు మీద అరచేత్తో కొట్టి చూపించేవాణ్ని: దబ్... దబ్... దబ్. మూడు రోజులు అట్లా మోగి ఆగిపోయింది. ఎవరన్నా దగ్గరికి పోతే పేరు పెట్టి పిలుస్తుంది, పలికామా, లోపలికి గుంజుతుంది. తెల్లచీర, కాలి గజ్జెలు, చూసినవాడి మేకకు కళ్లు పోవడం, ఇవన్నీ నేను చేర్చినవి. అన్నీ అయ్యాక గొంతు తగ్గించేవాణ్ని.

"గా దయ్యం ఎవలో ఎర్కేనా? మా తాత!"

మా తాత గడికి కావలి. దొర ధాన్యం జోలికి ఊరివాళ్లు మళ్లీ రాకుండా ఆయనే ఈ దయ్యాన్ని పుట్టించాడు. అరవై ఏళ్లయినా ఆ గోడ వైపు గొర్రెల కాపరి పట్టపగలు కూడా పోడు. ఆ తెలివికి మెచ్చి దొర మా తాతకు ఎకరం చెలక రాసిచ్చాడు. మా ఇంట్లో ఇది పెళ్లిళ్లలో చెప్పుకునే గొప్ప.

శిబిరం శిబిరమంతా నవ్వింది. "మీ తాతగారిది గట్టి బుర్రేనండీ, ఇప్పుడుంటే టీవీ చానల్ పెట్టేద్దురు" అన్నాడు పెసరట్టు సారు.

ముందు వరసలో ఒక అవ్వ కూర్చునేది. చంపాపేట్ నుంచి ఆడవాళ్ల గుంపుతో రోజూ వచ్చేది. నా జోకులకు అందరికంటే ముందు నవ్వేది ఆమె. ఆ రోజు నవ్వలేదు. మధ్యాహ్నం నిద్ర పట్టిందేమో అనుకున్నాను.

మర్నాడు నేను ఆటో పెడుతుంటే సందులోకే వచ్చింది.

"కొడుకా, నిన్న కథ జెప్పినవు గద."

"మళ్ల జెప్పాల్నా అవ్వా? ఇయ్యాల దయ్యానికి లీవు."

"ఆఖరుకు జెప్పినవు సూడు, మీ తాతనే పుట్టించిండని. గది నవ్వుటాలకే గద?"

"నవ్వుటాలకు ఎందుకైతదే. ముందు జెప్పింది నవ్వుటాలకు, ఆఖరుది నిజం."

"కాదు కాదు. దయ్యం ఉన్నది. నువ్వు జనాలు నవ్వుతరని గట్ల అన్నవు."

నా మాటను ఎవరన్నా అబద్ధమంటే ఊరుకుంటాను, నా నిజాన్ని అబద్ధమంటే ఎందుకో పౌరుషం వస్తుంది. "మా అమ్మతోడు అవ్వా. మా నాయిన నోట ఇన్న. దయ్యం లేదు, దాని తల్లి లేదు. అంతా మా తాత ఏషం" అన్నాను.

అవ్వ నా ఆటో కడ్డీ పట్టుకుంది. "మీది బొడ్రాయి దాటి ఎడమకు మలిగితే వస్తదే, గా గడేనా? పడమటి బురుజు సగం ఇరిగుంటది?"

"అవును. నీకెట్ల తెలుసు?"

"అయితే మరి నేను ఇన్నది ఏంది కొడుకా?"

ఆమెది మా ఊరేనట. ఏడేళ్లప్పుడు తల్లితో కలిసి పట్నం వచ్చేసి, మళ్లీ ఆ దిక్కు చూడలేదట. ఆమె అక్క గడి వంటింట్లో పనిచేసేది. రోజూ మిట్టమధ్యాహ్నం ఈమె వెనక గోడ దగ్గర నిలబడితే, అక్క గోడ మీది నుంచి జొన్నరొట్టె ముక్క విసిరేది. సంఘం వాళ్లు పాతర ఖాళీ చేశాక, రజాకార్లతో దొర తిరిగి వచ్చాక, ఒకరోజు రొట్టె పడలేదు. అక్క సంఘం వాళ్లతో లేచిపోయిందని గడివాళ్లు చెప్పారు. తల్లి నమ్మింది. ఎక్కడో అడవిలో తుపాకి పట్టుకుని తిరుగుతుందని, ఎప్పుడో ఒకరోజు వస్తుందని ఈమె కూడా నమ్మింది. దయ్యం సంగతి ఆమెకు వేరే. ఆ రోజుల్లోనే ఒకసారి రొట్టె కోసం పోతే భూమిలో చప్పుడు వినబడింది. గోడ పడిన సందులోంచి తొంగిచూస్తే కావలాయన ఉన్నాడు.

"ఎవలు కొడుతున్నరే తాతా అంటి. దయ్యం పిల్లా, పేరు వెట్టి పిలుస్తది, పలుకకు, చెవులు మూసుకొని ఉరుకు అన్నడు. నీ లెక్కనే చేతులు తిప్పుకుంట, నవ్వుకుంట జెప్పిండు. చెవులు మూసుకొని ఉరికిన. మా అమ్మ నా చేతికి తాయెత్తు గట్టింది. మూడొద్దులు ఇనవడ్డది. గంతే."

అరవై ఏళ్లు ఆమె మనసులో అక్క ఒక దిక్కున, దయ్యం ఒక దిక్కున ఉన్నారు. నేను నిన్న ప్లాస్టిక్ కుర్చీ మీద కొట్టి రెండింటినీ ఒక్కచోటికి తెచ్చాను.

"దయ్యం లేకపోతే గది మా అక్కనే గద కొడుకా. గా గడికి తోల్కపో. సూసి జెప్పు నాకు."

ఏదో ఒక జోకు వెయ్యబోయాను. ఆటో కడ్డీ పట్టుకున్న ఆమె చెయ్యి చూసి మానుకున్నాను. బంద్ లేని రోజు చూసి తీసుకుపోయాను.

హయత్‌నగర్ దాటాం, రింగురోడ్డు కింద నుంచి పోయాం. మూడు గంటల దారిలో అవ్వ అడిగింది ఒక్కటే మాట: "గోడ ఉన్నదా ఇంకా?" ఉందన్నాను. వెనక అద్దంలో చూస్తే కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ ఉంది. దేవుణ్ని మొక్కుతోందనుకున్నాను. చెవి పెట్టి వింటే, "దయ్యమే, దయ్యమే" అంటోంది.

గడికి చేరేసరికి సరిగ్గా మిట్టమధ్యాహ్నం. దర్వాజా ఎప్పుడో ఎవరో ఎత్తుకుపోయారు, గోడలో దాని బొంద మిగిలింది. లోపల సర్కారు తుమ్మ, సీతాఫలం చెట్లు, గబ్బిలాల కంపు. సూర్యుడు నెత్తి మీదున్నా లోపలి అర్రల్లో చీకటి చీకటిగానే ఉంది. వెనక చెలకలో ప్లాట్ల వెంచర్ వేసి, హద్దురాళ్లకు సున్నం కొట్టారు. ఆ తెల్లరాళ్ల వరస గడి వెనక గోడ దాకా వచ్చి ఆగిపోయింది. వెంచర్ వాళ్లకు కూడా మా తాతంటే భయమే.

నేను పుట్టి పెరిగిన ఊరు. అయినా ఆ గోడ దగ్గరికి పోవడం అదే మొదటిసారి. దయ్యం లేదని శిబిరమంతా చాటినవాణ్ని, అటువైపు ఒక్క అడుగు వేసినవాణ్ని కాదు.

గోడకు పదడుగుల దూరంలో గుండ్రంగా రాతి అంచు కనబడింది. పాతర మూతి. మీద బండ లేదు. అంచు దాకా మన్ను, నడుమ కొంచెం కుంగింది. చుట్టుపక్కల గడ్డి ఎండిపోయి ఉంటే అక్కడ మోకాలెత్తు పచ్చగా ఉంది.

ఆ మన్ను చూశాక గుర్తొచ్చింది. మా నాయిన ఈ కథ చెప్పేటప్పుడు మధ్యలో ఒక ముక్క ఉండేది. దయ్యం చప్పుడు ఆగిన మర్నాటి నుంచి తాత చెరువు మన్ను బండ్లకొద్దీ తోలి, ఖాళీ పాతరను పూడ్చాడని. చిన్నప్పుడు మాకు అది విసుగు. "గది ఇడిసిపెట్టు నాయినా, దయ్యం జెప్పు" అనేవాళ్లం. నేను చెప్పడం మొదలుపెట్టాక ఆ ముక్క పూర్తిగా తీసేశాను. దానికి ఎవరూ నవ్వరు, ఎవరూ భయపడరు.

మళ్లీ పంట వస్తే ధాన్యం దాచాల్సిన పాతరను ఏ దొరైనా ఎందుకు పూడ్పిస్తాడు? ఖాళీ గొయ్యికి దయ్యం కావలి ఎందుకు? ఒక అబద్ధానికి ఎకరం చెలక ఎవరు రాసిస్తారు? నలభై ఏళ్లొచ్చినా, ఊరందరినీ బకరా చేసే నోరు పెట్టుకుని, నేను ఈ మూడు ప్రశ్నలు ఒక్కనాడూ అడగలేదు. ఆ ఎకరం అమ్మితేనే నాకు ఆటో వచ్చింది. అవ్వ అప్పటిదాకా దాని వెనక సీట్లోనే కూర్చుని వచ్చింది.

పాతరలో ఎవరి కోసం వెతకాలో ఇద్దరికీ తెలుసు. పాతర దగ్గర కావలి ఎప్పుడు ఉండదో సంఘానికి చెప్పగలిగింది వంటింటి మనిషే.

"ఇగ జెప్పు" అంది అవ్వ. "దయ్యమా, మా అక్కనా? నీ నోట్లకెళ్లి ఏదొస్తే గదే నమ్ముత."

అబద్ధం నాలుక చివరే ఉంది. దయ్యమేనవ్వా, నేనే శిబిరంలో కోతలు కోశాను అంటే చాలు. ఆ ముసలి ప్రాణం హాయిగా చంపాపేట్ పోయి, అడవిలో తుపాకి పట్టుకున్న అక్కను తలుచుకుంటూ పడుకునేది. అంతకంటే అతికే అబద్ధం నేను జీవితంలో ఆడలేదు. కానీ సరిగ్గా ఆ జాగాలో, ఆ మనిషికే, మా ఇంటి మనిషి ఒకసారి ఆ మాట చెప్పి ఉన్నాడు.

"దయ్యం లేదవ్వా" అన్నాను.

ఆమె ఏడవలేదు. మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా కూర్చుంది. గడ్డి పక్కకు తీసి మట్టి మీద అరచెయ్యి పెట్టింది. జ్వరం చూస్తున్నట్టు చాలాసేపు అట్లాగే ఉంచింది.

"మీ తాత ఎట్ల సచ్చిండు?" అని అడిగింది, తలెత్తకుండా.

అప్పుడు నాకు పదేళ్లుంటాయి. తాత నేల మీద పడుకునేవాడు కాదు. ఎండాకాలం ఇంటిల్లిపాదీ వాకిట్లో చాపలు పరుచుకుంటే, ఆయనకు ఒక్కడికే మంచం. ఆ మంచం కోళ్ల కింద గోనెసంచులు నాలుగు మడతలు పెట్టించుకునేవాడు. చీమలని మేం నవ్వుకునేవాళ్లం. చివరి రోజుల్లో ఇంకో మడత, ఇంకో మడత అని అడుగుతూనే ఉన్నాడు. "భూమిలకెళ్లి చప్పుడు ఎక్కుతున్నదిరా" అనేవాడు. పిచ్చి పట్టిందనుకుని మా నాయిన మడతలు పెంచుకుంటూ పోయాడు. ఆ సంచుల ఎత్తు మీది నుంచే పాడె మీదికి దించారు.

ఇదంతా అవ్వకు చెప్పాను. ఏమీ చేర్చలేదు, ఏమీ తియ్యలేదు.

ఆమె అరచేతికి అంటిన మట్టి చూసుకుంది. కడుక్కోవడానికి నీళ్లివ్వబోతే వద్దంది. గోడ సందు వైపు ఒకసారి చూసింది. ఏడేళ్ల పిల్ల దూరేంత సందే.

"నేను చిన్న పొల్లను కొడుకా. ఉరికిన" అంది. "ఆయన ఈడ్నే కూసున్నడు గద, మూడొద్దులు."

అని లేచి, చెట్ల మధ్య దారి చూసుకుంటూ ఆటో వైపు నడిచింది. నేను చెప్పులతో ఆ మట్టి మీదే నిలబడి ఉన్నానని అప్పుడు చూసుకున్నాను.