రాహుకాలంలో తెరిచిన బట్టీ

గత మంగళవారం పొద్దున మా మేనత్త కన్నుమూసింది. మా ఊరు రాజపాళయంలో పత్తి ఊసెత్తని ఇల్లుండదు. ఆమె మాత్రం కక్కసుల గురించి మాట్లాడేది, అదీ అన్నం వడ్డిస్తూ! మీకు నవ్వు రావచ్చు. మా నాన్న మిల్లులో ఆడవాళ్ళకు కక్కసు లేదు.

"పొద్దుకుంకేదాకా బిగపట్టుకొని, మీ మగవాళ్ళు ఒక్క దినం ఉండి చూపించండి," అనేది.

మద్రాసు నుంచి కక్కసు బేసిన్లు తెప్పించే మాట ఏటా వాయిదా పడేది.

"నువ్వు చేసి చూపించక్కా, గది నేను కట్టిస్తాను," అన్నాడు నాన్న, ఊరికే.

అత్త తోటలో పింగాణీ కాల్చే బట్టీ కట్టించింది. మొదటిసారి మంట చాలలేదు. బేసిన్లు పైకి తెల్లగా మెరిశాయి గాని, ఒక పెంకు విరిచి ఎర్రసిరా చుక్క వేస్తే లోపలికి పీల్చేసింది.

"సిరా తాగేది మురుగు తాగదా? కడుపులో ఇంకా పచ్చే," అంటూ తనే అన్నీ పగలగొట్టింది.

రెండోసారి మంట మీరి అంచులు వంగిపోయాయి. మూడోసారి కుదిరింది. కానీ మా ఇంట్లో రాహుకాలం పట్టింపు జాస్తి. అది రాకముందే బట్టీ తెరవాలని నాన్న పట్టుబట్టాడు. ఆ వేడిలోకి చల్లగాలి తగలగానే లోపల టిక్కుటిక్కుమని పగుళ్ళు. ఒక్కటీ మిగలలేదు.

"చాలక్కా, ఇంక వదిలిపెట్టు."

"వదిలేదా? చల్లారేది కూడా కాల్చేదాంట్లో సగంరా! ఈ తూరి నేను చెప్పకముందే తలుపు మీద ఎవరన్నా చెయ్యి వేసినారో, చూడండి!"

నాలుగోసారి బట్టీ తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని, వత్తులు చేసుకుంటూ కూర్చుంది. మధ్యమధ్య ఇటుకల మీద అరచెయ్యి ఆనించి చూసేది. ఆఖరికి నడి రాహుకాలంలో లేచి, "సరి, ఇప్పుడు తీయండి," అంది.

వేలితో కొడితే బేసిన్ గంటలా మోగింది. ఒకటి పగలగొట్టి సిరా వేస్తే, చుక్క పైనే నిలిచింది, తుడిస్తే పోయింది. నాన్న అన్నమాట ప్రకారం గది కట్టించాడు. అంత మొండి మనిషి మా ఇంట్లో పుట్టినందుకు నాకు ఇప్పటికీ గర్వమే.

ఆమె కన్నుమూసిన ఆ మంగళవారం మధ్యాహ్నం, రాహుకాలం రాకముందే శవాన్ని ఎత్తేయాలన్నారు పెద్దలు. మిల్లు ఆడవాళ్ళు ఇంకా షిఫ్టు దిగలేదు. నాకు ఏడుపు పోయి కోపం వచ్చింది.

"వాళ్ళు వచ్చినాకనే ఎత్తేది!" అన్నాను.

పెద్దలు నాన్న వైపు చూశారు. ఆయన లోపలికి వెళ్ళి అత్త కుర్చీ తెచ్చి, వాకిలికి అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. నడి రాహుకాలంలో వాళ్ళు వచ్చారు, జుట్టు నిండా దూదితో.