మంత్రిగారి నీళ్ళను నేను ఆపిన రోజు

ఆ రోజుల్లో నాకు నా గొంతు మీద విపరీతమైన నమ్మకం. కాడుగోడిలో ఒక చిన్న రేడియోలో చేరాను. రెండు గదులు, చప్పుడు రాకుండా గోడలకు కొట్టిన గోనెపట్టాలు, రోజుకు అరగంట తెలుగు కార్యక్రమం. రైల్వే స్టేషన్ దాటితే మా ప్రసారం గరగరమనేది. అయినా మైకు ముందు కూర్చుని కళ్ళు మూసుకుంటే, శాసనసభ జరిగే విధానసౌధ మెట్ల మీద పెద్దలంతా ఆగి నా మాట వింటున్నట్టు కనిపించేది. (నిజంగా వినేది స్టేషన్ వెనక సందులోని ఆరిళ్ళవాళ్ళు. అదీ తమ గొంతులు వస్తాయంటేనే.)

ఆ ఆరిళ్ళకూ కలిపి ఒకటే కుళాయి (అక్కడివాళ్ళ మాటలో నల్లి), అవ్వ వాకిట్లో. ఆవిడ నాకు బంధువేమీ కాదు, సందుకంతా అవ్వ. నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియదు కాబట్టి కుళాయి ఎప్పుడూ తెరిచే ఉంచి, కింద ఖాళీ బిందె పెట్టేవాళ్ళు. బిందె మోగిందంటే అందరూ పరుగు. అయిదు రోజులుగా అది మోగలేదు. మర్నాడేమో అవ్వ మనవరాలి బిడ్డకు పేరు పెడుతున్నారు, దొడ్డబళ్ళాపురం నుంచి మనవరాలి అత్తవారు వస్తున్నారు. "వచ్చినోళ్ళు కాళ్ళు కడుక్కునేదానికి చెంబుడు నీళ్ళు లేకుంటే మా మర్యాద యాడుండాది పాపా?" అని అవ్వ దిగులు.

సరిగ్గా అప్పుడే మంత్రిగారు శాసనసభలో, వీధివీధికీ నీళ్ళిస్తున్నామన్నారు. రేడియో నడిపే మా మేడం "ఆ మాట వెయ్యి, వెంటనే అవ్వ కుళాయి సౌండ్ వెయ్యి. మధ్యలో నువ్వేం మాట్లాడొద్దు ప్లీజ్" అంది. నా గొంతుకు అది అవమానమే, అయినా వెళ్ళాను. ఒట్టి కుళాయిలో గాలి సుయ్యిమంటుంటే మైకు దగ్గర పెట్టి కళ్ళు మూసుకున్నాను. అనంతపురం దాన్ని, సముద్రం ఎప్పుడూ చూడలేదు, కానీ ఆ సుయ్యిలో నాకు సముద్రం వినిపించింది. తర్వాత అవ్వ మాటలకు ఆ చప్పుడు అడ్డొస్తుందని కుళాయి కట్టేశాను. ("రేడియోకు నిశ్శబ్దం ముఖ్యం అవ్వా" అని పాఠం కూడా చెప్పాను.) అవ్వ ప్రభుత్వాన్ని కడిగిపారేసింది. నేను గాలిలో తేలుతూ ఆఫీసుకు చేరాను.

సాయంత్రం ఆరిళ్ళవాళ్ళూ అవ్వ వాకిట్లో రేడియో చుట్టూ చేరారట. మంత్రిగారి మాట, వెనకే సుయ్యి. చప్పట్లే చప్పట్లట. ఆ సందడిలో పక్క సందులో బిందెలు మోగుతున్న చప్పుడు ఎవరికీ వినబడలేదు. చివరికి అక్కడినుంచి ఒకావిడ తడిచీరతో వచ్చి "మీకు రాలేదా అవ్వా?" అని అడిగింది. వీళ్ళు లేచి కుళాయి తిప్పేసరికి మిగిలింది మళ్ళీ సుయ్యి.

ఇదేమీ తెలియక మర్నాడు పొద్దున్నే మెచ్చుకుంటారని వెళ్ళాను. అవ్వ నా చెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళింది. "నాకు బుద్ధి తెలిసినంక ఇన్నాళ్ళకు ఒక మంత్రి చెప్పిన మాట నిలబెట్టుకున్నాడు పాపా. నువ్వు కట్టేసి పోయినావు."

సిగ్గుతో చచ్చిపోయాను. చుట్టాలు దిగేలోగా పక్క సందువాళ్ళు పట్టిపెట్టుకున్న నీళ్ళు అడిగి పన్నెండు బిందెలు మోశాను. వాళ్ళు కాళ్ళు కడుక్కుంటూ "ఈ పాప ఎవురు?" అని అడిగితే, "మా రేడియో" అంది అవ్వ, కొంచెం గర్వంగానే. ఆ సాయంత్రం మేడం తనంతట తానే నన్ను మాట్లాడమంది. నిన్న ఆ సందుకు నీళ్ళు వచ్చాయనీ, ఆపింది మేమేననీ చెప్పాను. అంత నమ్మిన గొంతు అరనిమిషమూ నిలబడలేదు.

ఇప్పుడు పదకొండో అంతస్తులో ఉంటున్నాను, ఎప్పుడు తిప్పితే అప్పుడు నీళ్ళు. ఆ రేడియో లేదు, అవ్వా లేదు. అప్పుడు పనికిరాదని నేను కోసేసిన రికార్డింగు ముక్క ఒకటి మాత్రం నా దగ్గర ఉండిపోయింది. అందులో అవ్వ అడుగుతుంది: "అయిపాయనా పాపా? పోయేటప్పుడు నల్లి తెరిసి పో." దానికి "ఊఁ, ఊఁ" అని నా జవాబు. అప్పుడప్పుడు పెట్టుకుని నవ్వుకుంటాను. గొంతు నిజంగానే బాగుండేది ఆ పిల్లకు. వినడమే ఇంకా రాలేదు.