నొప్పి తగ్గాలని

పోయిన వారం మోకాళ్ళ నొప్పికి గోలీల కోసం కామారెడ్డి బస్టాండు దగ్గరున్న మెడికల్ షాపుకు వెళ్ళాను. షాపు అబ్బాయి పెద్ద పట్టీలోంచి కత్తెరతో కొన్ని గోలీలు కత్తిరించి, కాగితం కవర్లో వేసి ఇచ్చాడు. తీసి చూస్తే పేరున్న ముక్క అతని దగ్గరే ఉండిపోయింది. "పేరు లేదు గదా తమ్మీ" అన్నాను. "నొప్పుల గోలీలే అమ్మా" అని అతను నా వెనకాలున్న మనిషి వైపు తిరిగాడు. ఆ పేరు, ఎన్ని మింగాలో, దేంతో కలిపి మింగకూడదో కవరు మీద రాసిచ్చేదాకా నేను కదల్లేదు. వెనకవాళ్ళు విసుక్కున్నారు. వాళ్ళ తప్పేం లేదు. మా అక్క కొడుకు పోయినప్పటి నుంచీ నేను మందుల దుకాణాల్లో మామూలు మనిషిలా నిలబడలేకపోతున్నాను.

అక్కను ఎల్లారెడ్డి అవతల, నాగిరెడ్డిపేట దగ్గరి ఊరికి ఇచ్చారు. పోచారం ప్రాజెక్టు నీళ్ళతో పండే వరి పొలాల ఊరు. ఆమెకు ముందు కూతురు, తరువాత వాడు. వాడు పుట్టి బుద్ధెరిగి ఒకచోట కుదురుగా ఉన్నది లేదు. అన్నం కంచం చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరుగుతూ తినేవాడు. బడిలో సారు వాణ్ణి కూర్చోబెట్టలేక గంట కొట్టే పని అప్పజెప్పాడు. ఆ ఏడంతా ఇంటి గంట కాస్త ముందే మోగిందని ఊళ్ళో చెప్పుకుంటారు. వాళ్ళక్క పెళ్ళిలో బంతులన్నీ వాడే వడ్డించి, ఆఖర్న బోర్లించిన బకెట్ మీద కూర్చుని తిన్నాడు. పెద్దయ్యాక వరికోత మిషన్ డ్రైవరయ్యాడు. రోజంతా కూర్చునే పని నీకెట్లా కుదిరిందిరా అని నేనడిగితే, "నేను కూసుంట చిన్నమ్మా, కింద బండి ఉరుకుతది గద" అని నవ్వాడు.

ఒక యాసంగి కోతలప్పుడు మిషన్ దిగుతూ, బురద కాలు మెట్టు మీద జారి వెల్లకిలా పడ్డాడు. నడుము పట్టేసింది. కామారెడ్డిలో ఒక డాక్టర్ ఎక్స్‌రే తీయించి, నొప్పికి గట్టి గోలీలు రాసి, మంచం దిగొద్దన్నాడు. వాడికి నొప్పికంటే ఆ మాటే ఎక్కువ బాధ. కొన్నాళ్ళు మా ఇంట్లోనే ఉంచుకున్నాను. పడుకున్నచోటి నుంచే మా ఫ్యాన్ చప్పుడుకు, పక్కింటివాళ్ళ గేటు కిర్రుకు మరమ్మతులు చెప్పేవాడు. ఊరికి వెళ్ళాక రాత్రిళ్ళు కన్నంటుకోవడం లేదని ఎల్లారెడ్డిలో ఇంకో డాక్టర్ దగ్గర నిద్ర గోలీలు రాయించుకున్నాడు. ముందటి గోలీల సంగతి వాడు చెప్పలేదు, అక్కడ ఎవరూ అడగలేదు. కోతలు ఇంకా సాగుతుండగానే మళ్ళీ మిషన్ ఎక్కాడు.

ఆ రోజు మధ్యాహ్నం నడుము పట్టుకుని ఇంటికొచ్చాడు. నొప్పి గోలీ మింగాడు. తగ్గలేదని కాసేపటికే మళ్ళీ మింగాడు. నిద్రపడితే నొప్పి తెలియదని నిద్ర గోలీలు కూడా మింగాడు. "జరసేపు పండుకుంట అమ్మా, లేపకు. ఎండ తగ్గినంక పోత" అన్నాడు. కొంతసేపటికి గురక మొదలైంది. అంత పెద్ద గురక వాడి దగ్గర అక్క ఎన్నడూ వినలేదు. ఇన్నాళ్ళకు పిల్లాడికి ఒళ్ళెరగని నిద్ర పట్టిందని సంబరపడింది. కోళ్ళ అరుపులకు లేస్తాడేమోనని తలుపు దగ్గరికి వేసి, వాకిట్లో బీడీలు చుడుతూ కాపలా కూర్చుంది. తరువాత గురక ఆగింది. ఇప్పుడు హాయిగా పడుకున్నాడనుకుంది. పొద్దువాలాక బావ పొలం నుంచి వచ్చి లేపబోతే ఒళ్ళు చల్లగా ఉంది. ఎల్లారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోయారు. అప్పటికే ప్రాణం పోయిందన్నారు.

పోలీసులు వచ్చారు, పోస్టుమార్టం జరిగింది. ఊరికి అంతకంటే ఏం కావాలి? కావాలనే మింగాడని, ఒకరు అమ్మాయి వ్యవహారమన్నారు, ఒకరు మిషన్ సేటుతో గొడవన్నారు. పలకరించడానికి వచ్చిన దూరపు చుట్టం ఒకామె అక్క చేయి పట్టుకుని, "ఏం రంది పెట్టుకున్నడో, మీకన్న చెప్పకపాయె" అంది. అక్క చేయి విడిపించుకుంది. "నా కొడుకు సావాలని మింగలే. నొప్పి తగ్గాలని మింగిండు" అంది. ఆ మాట చెప్పడానికే ఇల్లిల్లూ తిరిగింది. బోరింగు దగ్గర చెప్పింది, బీడీలు అప్పజెప్పే చోట చెప్పింది, బస్సులో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియనివాళ్ళకు చెప్పింది. బావ వద్దన్నా వినలేదు.

చివరికి నన్ను వెంటబెట్టుకుని కామారెడ్డి డాక్టర్ దగ్గరికి వచ్చింది. ఇంట్లో మిగిలిన రెండు రకాల గోలీలూ ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన నిద్ర గోలీల పట్టీని తిప్పి తిప్పి చూశాడు. ఇవి వాడుతున్నాడని తనకు తెలియదన్నాడు. రెండూ కలిసి, అందులోనూ ఎక్కువై, ఊపిరిని మెల్లమెల్లగా ఆపేశాయని చెప్పాడు. "ఆ పెద్ద గురక మంచి నిద్ర కాదమ్మా. గాలి అందక వచ్చిన చప్పుడు."

అక్క, "అప్పుడే లేపి తెస్తె బతుకుతుండెనా సారూ?" అని అడిగింది. లేదని చెప్పమని నేను లోపల్లోపల ఆయన్ని బతిమాలుకున్నాను. ఆయన అబద్ధం చెప్పలేదు. "బతికేవాడేమో. కానీ అది మీకెట్లా తెలుస్తుంది? చెప్పాల్సింది మేము" అన్నాడు. అక్క తలూపి లేచింది. నేనూ ఆమెతో ఊరిదాకా వెళ్ళాను. బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా ఆమె కూర్చోలేదు. ఎల్లారెడ్డి వచ్చేదాకా కడ్డీ పట్టుకుని నిలబడే ఉంది.

ఇప్పుడు అక్క ఇంట్లో మధ్యాహ్నం ఎవరూ నిద్రపోలేరు. అల్లుడు వచ్చి కునుకు తీస్తే "చాయ్ తాగుతవా బిడ్డా" అని లేపుతుంది. పాపం, అతను చాయ్ మీద చాయ్ తాగుతాడు. నేను నడుము వాలిస్తే భుజం పట్టి కదుపుతుంది. కళ్ళు తెరవగానే "ఏం లేదు చెల్లె, పండుకో" అంటుంది. మొదట్లో బావ "ఊకె గిట్ల లేపుతవేందే" అని కసిరేవాడు. ఈమధ్య వెళ్ళినప్పుడు చూశాను. ఆయన మంచంలో గురక పెడుతున్నాడు. అక్క బీడీల చాట పక్కన పెట్టి, లేచి వెళ్ళి ఆయన ఛాతీ మీద చేయి వేసింది. బావ కళ్ళు తెరవకుండానే "ఉన్ననే" అన్నాడు. ఆమె వచ్చి మళ్ళీ చాట ఒళ్ళో పెట్టుకుంది. పట్టుమని నాలుగు బీడీలైనా చుట్టకముందే మళ్ళీ లేచింది.

వాడితో చదివినవాళ్ళకు పిల్లలు పుట్టి బడికి పోతున్నారు. మా అందరికీ ఏళ్ళు గడిచాయి. అక్కకు మాత్రం కాలమంటే, పక్కన పడుకున్న మనిషి తీసే ఒక ఊపిరికీ మరో ఊపిరికీ నడుమ ఎంతసేపుంటుందో అంతే.