మూడో నాబ్

జయంతికి ఏ శబ్దమూ ఒక్కటిగా వినిపించదు. మనకు పాట పాటలాగా, తగాదా తగాదాలాగా వినిపిస్తాయి. ఆవిడకు మాత్రం ప్రతిదీ మూడు ముక్కలై చెవిన పడుతుంది: కింది ముక్క, నడిమి ముక్క, పై ముక్క. వీటిని ఆవిడ బ్యాండ్లంటుంది. విని ఊరుకున్నా ఫరవాలేదు. మూడింట్లో ఏది మీరితే దాన్ని తగ్గించందే ఆవిడ చెయ్యి ఊరుకోదు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి, గాలిలో రేడియో నాబ్ ఉన్నట్టు మెల్లగా తిప్పుతుంది. అది చూసినవాళ్లు గొంతు తగ్గిస్తారు. ఎందుకు తగ్గించారో వాళ్లకే తెలియదు.

ఒకసారి, ఆవిడ ఉండే అమెరికా ఊళ్లో, ఎల్ కమీనో రోడ్డు మీద స్పీడుగా పోతోందని పోలీసు ఆపాడు. లైసెన్సు చూపమన్నాడు, ఎంత స్పీడులో వెళుతున్నారో తెలుసా అన్నాడు. జయంతి శ్రద్ధగా విని, "ఆఫీసర్, మీ గొంతులో కింది బ్యాండ్ చాలా బాగుంది. నడిమిదే కొంచెం ముక్కులోంచి వస్తోంది" అంది. ఆవిడ వేళ్లు తిరగడం చూడగానే పక్క సీట్లో ఉన్న భర్త శ్రీధర్ కళ్లు మూసుకున్నాడు. జరిమానా టికెట్ రానే వచ్చింది. కానీ ఆ పోలీసు దాన్ని ఇచ్చే ముందు గొంతు సవరించుకున్నాడు.

వారంలో అయిదు రోజులు జయంతి శాంటా క్లారాలో ఒక చిప్పుల కంపెనీలో టెస్ట్ ఇంజనీరు. మిగతా రెండు రోజులు గ్యారేజీలో ఉంటుంది. పాత ఎలక్ట్రానిక్ సామాను చవగ్గా అమ్మే కొట్లలో ఏరి తెచ్చిన ముక్కలతో, 1982లో అక్కడ ఒక బూడిదరంగు పెట్టె తయారుచేసింది. దానికి మూడు నాబ్‌లు, మూడు సూదులు. పెట్టె లోపలికి వచ్చాక కారు వీధిలోకి వెళ్లింది. ఊళ్లోని తెలుగు సంఘం ఏటా ఉగాదికి ఒక క్యాసెట్ తెస్తుంది. నలభై కుటుంబాల పాటలు, పద్యాలు, పిల్లల కథలు అందులో ఉంటాయి. కాపీలు తీసే ముందు ఆ టేపుకు చేసే ఆఖరి దిద్దుబాటు జయంతి పెట్టెది.

"ఒక్క నాబ్ చాలదా జయంతి గారూ?" అని సంఘం ప్రెసిడెంటు రాధాకృష్ణ ఒకసారి అడిగాడు.

"మీకు ముగ్గురు పిల్లలు కదా. పెద్దవాడు అల్లరి చేస్తే ముగ్గురినీ గదమాయిస్తారా?"

"అదే చేస్తాను."

"అందుకే మీ చిన్నది ఎప్పుడూ బిక్కమొహం వేసుకుని ఉంటుంది. పాటంతా కలిపి ఒకేసారి నొక్కితే, మృదంగం ఒక్క దెబ్బ వేయగానే గొంతు కూడా అణిగిపోతుంది. తప్పు మృదంగానిది, శిక్ష గొంతుకి. అందుకని నేను మూడు గదులు కడతాను. కింద మృదంగం, నడుమ గొంతు, పైన తాళాలు, ఊపిరి, స, శ, చ లాంటి అక్షరాల అంచులు. ఏ గదిలో అల్లరైతే ఆ గదిలోనే నొక్కుతాను. నొక్కాక ఆ గది మొత్తాన్నీ కాస్త పైకి లేపితే, మూల నక్కినవి కూడా వినిపిస్తాయి."

రాధాకృష్ణకు పాట సంగతి అర్థం కాలేదు గానీ, ఆ రోజు ఇంటికెళ్లి పెద్దవాణ్ణి మాత్రమే తిట్టాడట.

ఈ మూడు గదుల పిచ్చి గ్యారేజీలో ఆగలేదు. సాంబారు రుచి చూసి "చింతపండు పై బ్యాండ్‌లో కొడుతోంది" అనేది. తలా ఒక వంటకం తెచ్చుకుని తమ ఇంట్లో పాట్‌లక్‌కి వచ్చినవాళ్లను గొంతుల్ని బట్టి కూర్చోబెట్టేది. బొంగురు గొంతులు పెరట్లోకి, సన్నగొంతులు ఫ్యామిలీ రూమ్‌లోకి, మిగిలినవాళ్లు సోఫాల్లోకి.

"ఏంటండీ, మా ఆవిడ పై బ్యాండా?" అన్నాడు రాధాకృష్ణ, ప్లేటు పట్టుకుని పెరట్లోకి నడుస్తూ.

"పెళ్లయి పదిహేనేళ్లయింది. ఇన్నాళ్లూ గమనించలేదా?"

శ్రీధర్ కుర్చీ మాత్రం ఎప్పుడూ ఒకే చోట ఉండేది. వెనక గోడ, పక్కన దీపం, ఎదురుగా అందరి మొహాలు. "మీది ఏ బ్యాండూ కాదు. మీది రిఫరెన్స్ కుర్చీ, మిగతావన్నీ దాన్ని బట్టే" అనేది జయంతి. ఏటా జనవరిలో గ్యారేజీలో కూర్చోబెట్టి, మూడో నాబ్ తిప్పుతూ, "ఇప్పుడు బాగుందా? ఇప్పుడో?" అని అడిగేది. సంగీతంలో తన తీర్పుకి ఇంత విలువుందని శ్రీధర్‌కు లోలోపల గర్వంగా ఉండేది.

ఇక్కడ శ్రీధర్ రహస్యం ఒకటి చెప్పాలి. అతనికి సరిగా వినపడదు. అమెరికా రాకముందు ఉక్కు ఫ్యాక్టరీ రోలింగ్ మిల్లులో ఆరేళ్లు పనిచేశాడు. అప్పట్నించీ అతని చెవుల్లో పై గది దీపాలు ఒకటొకటే ఆరిపోతున్నాయి. మనుషులు మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. దీనికి అతను కనిపెట్టిన కారణం, అమెరికాలో ఎవరూ నోరు తెరిచి మాట్లాడరని. డాక్టరు దగ్గరికి వెళ్లడు. అతని తండ్రి బడిపంతులు. వెనక బెంచీల పిల్లలు ఆయన్ని చెవిటి మాష్టారని పిలిచేవాళ్లు. ఆ బెంచీల్లో శ్రీధర్ కూడా కూర్చుని ఉండేవాడు.

అందుకని తలూపడం నేర్చుకున్నాడు. ఎవరేం చెప్పినా ముందు ఓ చిరునవ్వు, వెనకే తల. ఒక మీటింగులో అలా తలూపి, చప్పట్లు కొడుతుంటే తనూ కొట్టి, ఇంటికొచ్చాక గానీ తను సంఘం సెక్రటరీ అయ్యానని తెలుసుకోలేదు. రెండేళ్లు చేశాడు. అతని కూతురు మీనాకు పదమూడేళ్లు. నాన్న ఏదడిగినా ఒప్పుకుంటాడని ఆ పిల్లకు మొదట్లో సంబరంగా ఉండేది. తర్వాత తర్వాత అడగడమే మానేసింది. ఇంట్లో నాన్నతో ఆ పిల్ల మాట్లాడే మాటలు "హాయ్", "బై". ఆ రెండూ చేత్తో ఊపినా తెలుస్తాయి.

ఇక జయంతి క్యాసెట్ల సంగతి. నిజం చెప్పాలంటే, అవి వినడం కష్టం. ఏటేటా పై గది ఎంత లేచిపోయిందంటే, ఎవరైనా "శ్రీశైల" అంటే చెవిలో సూది గుచ్చినట్టుండేది. వాటిని మెచ్చుకునేవాడు ఊరు మొత్తానికి ఒక్క శ్రీధరే. "ఎంత స్పష్టంగా ఉంది! ఒక్క అక్షరం పోలేదు" అనేవాడు. జనం జాలిగా చూసేవాళ్లు. పెళ్లాం చేసిన క్యాసెట్, పాపం, ఇంకేమంటాడు?

1986 ఉగాది క్యాసెట్ శాన్ హోజేలో ఒక స్టూడియోకి ఇద్దామని సంఘంలో ప్రతిపాదన వచ్చింది. ఎన్ని మాటలన్నా నవ్వి ఊరుకునే జయంతి ఆ రోజు పట్టుబట్టింది. "ఈ ఒక్కసారికి నాకే వదిలెయ్యండి. మీనా మొదటిసారి కథ చెబుతోంది" అంది. మీనా ఆ కథను గది తలుపులు వేసుకుని నెల రోజులు సాధన చేసింది. ఏం కథ అని శ్రీధర్ అడిగితే రెండు మూడు ముక్కలేవో చెప్పింది. అతను తలూపాడు. స్టూడియో క్యాసెట్ అయితే తన కూతురి కథ తనకు గుసగుసల మూట అవుతుందని అతనికి తెలుసు. ఆ మాట పైకి చెప్పలేడు. అందుకని లేచి నిలబడి, "జయంతి క్యాసెట్లే బాగుంటాయి" అన్నాడు.

"మీరు కూర్చోండి శ్రీధర్ గారూ. మీరు ఇంటికెళ్లాలి, మాకు తెలుసు" అన్నాడు రాధాకృష్ణ. హాలంతా నవ్వింది. స్టూడియో గెలిచింది.

క్యాసెట్ వెన్నలా వచ్చింది. పాట్‌లక్‌లో పెట్టి వినిపించారు. మీనా కథ వంతు వచ్చింది. శ్రీధర్ రిఫరెన్స్ కుర్చీలో ఒళ్లంతా చెవులు చేసుకుని కూర్చున్నాడు. అతనికి చేరింది ఒక సన్నని గొణుగుడు. మొహాల వంక చూశాడు. అందరూ నవ్వారు. నవ్వి, ఉన్నట్టుండి ఆపేసి, పులిహోరలో ఉంగరం పోయినట్టు ఎవరి ప్లేట్లోకి వాళ్లు చూసుకున్నారు. సరిగ్గా అప్పుడు శ్రీధర్ నవ్వాడు. ఆ పైన మీనా వైపు తిరిగి, చాలా బాగుందన్నట్టు నిండుగా తలూపాడు. మీనా లేచి మేడమీదికి వెళ్లిపోయింది.

మర్నాడు ఆదివారం. తల్లీకూతుళ్లు గ్రోసరీకి వెళ్లగానే శ్రీధర్ ఆ క్యాసెట్ పట్టుకుని గ్యారేజీలోకి నడిచాడు. పెట్టెకు తగిలించిన టేప్‌రికార్డర్‌లో దాన్ని పెట్టి, పెట్టె ఆన్ చేశాడు. మూడో నాబ్ ఎక్కడ పెట్టాలో చూద్దామని కళ్లద్దాలు పెట్టుకుని వంగితే, నాబ్ చుట్టూ పెన్సిల్ గీతలు కనిపించాయి. పిల్లల ఎత్తు గోడ మీద గీసినట్టు, ఒకదాని పైన ఒకటి. ఒక్కో గీత పక్కన జయంతి చేతిరాత: శ్రీధర్ 82. శ్రీధర్ 83. శ్రీధర్ 84. శ్రీధర్ 85. అన్నిటికన్నా పైన శ్రీధర్ 86. ఆ గీతకు క్యాసెట్ రాలేదు.

అయిదు జనవరులు గుర్తొచ్చాయి. ఇప్పుడు బాగుందా? ఇప్పుడో?

నాబ్‌ని ఆ పై గీత దాకా తిప్పి, ప్లే నొక్కాడు.

"అనగనగా ఒక కింగ్," అంది మీనా, అమెరికా యాసలో, స్పష్టంగా. "రాజుకి పెద్ద పెద్ద చెవులు ఉన్నాయి. కానీ ఆయన వినడు. తల ఊపుతాడు. మంత్రి వచ్చి, రాజా, ఎలిఫెంట్‌ని కిచెన్‌లో పెట్టనా, అన్నాడు. రాజు తల ఊపాడు."

శ్రీధర్ నవ్వాడు. అందరూ నవ్విన చోటే, ఆలస్యం లేకుండా. నవ్వు సగంలో ఉండగా ఆ రాజెవరో తెలిసింది.

"ఒక రోజు ప్రిన్సెస్ వచ్చింది. నాన్నా, నేను ఇప్పుడు ఏమి చెప్పాను, చెప్పు, అంది. రాజు తల ఊపాడు. కథ కంచికి, మనం హోమ్‌కి."

తలెత్తి చూస్తే గుమ్మంలో జయంతి, చేతిలో కూరగాయల సంచి.

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"మీరు సెక్రటరీ అయిన రోజు నుంచి."

"మరి చెప్పలేదేం?"

"చెబితే తలూపేవారు."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర శ్రీధర్, "ఇంతకీ కిచెన్‌లో ఏనుగు ఏం తింది?" అన్నాడు. మీనా చెంచా ఆగిపోయింది.

"యూ హర్డ్ ఇట్?"

"నిన్న వినపడలేదమ్మా. ఇవాళ విన్నాను. మీ అమ్మ పెట్టెలో. ఆ రాజుని నేనేనా?"

తలూపడం ఈసారి మీనా వంతయింది.

సోమవారం జయంతి ఆఫీసుకు సెలవు పెట్టి అతన్ని చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. పరీక్షలయ్యాక ఆయన చెవి వెనక పెట్టుకునే చిన్న మిషన్ ఇచ్చాడు. "ఇందులో ఎన్ని బ్యాండ్లు?" అని అడిగింది జయంతి. ఒకటే అన్నాడాయన. డికాక్షన్ లేని కాఫీ ఇచ్చినట్టు మొహం పెట్టి, "ప్రస్తుతానికి సర్దుకోండి. నేను చూస్తాను" అంది భర్తతో. ఆవిడ వేళ్లు గాలిలో తిరిగాయి. డాక్టరు గొంతు తగ్గించాడు.

ఆ శనివారం మిషన్ పెట్టుకుని శ్రీధర్ కారు తీశాడు. పక్కన జయంతి, వెనక మీనా. తనకెంతో ఇష్టమైన 1985 క్యాసెట్ పెట్టాడు. మొదటి శ్రీకారం దగ్గరే చెవి పట్టుకుని కారు పక్కకు ఆపేశాడు. "జయంతీ, నాలుగేళ్లూ జనం ఇది విన్నారా?"

తర్వాత రాధాకృష్ణకు ఫోన్ చేసి క్షమించమన్నాడు. "దానికేముందండీ, అందరం కార్లో ట్రెబుల్, అదే మీ ఆవిడ పై బ్యాండ్, పూర్తిగా తగ్గించుకుని వినేవాళ్లం. మీ ఆవిడతో వాదించడం కంటే నాబ్ తిప్పుకోవడం తేలిక" అన్నాడాయన.

అది తర్వాతి మాట. రోడ్డు పక్కన ఆగిన కార్లో మాత్రం శ్రీధర్ ముందు క్యాసెట్ బయటికి లాగేశాడు. మంచి అదను చూసి మీనా వెనక సీట్లోంచి, పాత అలవాటు కొద్దీ మెల్లగా, "నాన్నా, ఫ్రెండ్స్‌తో మాల్‌కి వెళ్లనా? తొమ్మిదికి వచ్చేస్తాను" అంది.

"తొమ్మిదా? కుదరదు," అన్నాడు శ్రీధర్. "ఎవరెవరు వెళుతున్నారు? కారెవరు డ్రైవ్ చేస్తారు? వాళ్లమ్మకి తెలుసా?"

మీనా తెల్లబోయింది. ముందుకు వంగి తల్లి భుజం తట్టింది.

"అమ్మా, ప్లీజ్. మూడో నాబ్ కొంచెం తగ్గించు."